ఎల్లప్పుడూ ఆనందించమంటే ఎలా? నటించమనా?

తెల్లారుజాము_బస్సు
మా ఆయనకి రెండేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది. మంగళ, గురు, శనివారాలు. మా ఊరి నుంచి గుంటూరు రావాలంటే నాలుగున్నర బస్సు పట్టుకోవాలి, మిషను మీద నాలుగు గంటలు, మళ్లీ ఇల్లు చేరేసరికి రెండు దాటుతుంది. వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగిపోతోంది, పింఛను 10,000 వస్తోంది, అందుకు దేవునికి స్తోత్రమే. కానీ ఆటో అమ్మేశాం, పిల్ల ఇంటర్ ఫీజు రెండు వాయిదాలు బాకీ, నేను కుట్టే జాకెట్ల మీద ఇల్లు నడుస్తోంది.

మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి "నాకు చాలా అలసటగా ఉంది, నా కోసం ప్రార్థన చేయండి" అన్నాను. అంతలో ఏడుపొచ్చేసింది. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన పక్కకి పిలిచి "అమ్మా, విశ్వాసి అందరి ముందూ అలా ఏడవకూడదు, కొత్తగా వచ్చేవాళ్లు ఏమనుకుంటారు, ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి అని కదా వాక్యం" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, మా ఆయన ఆసుపత్రిలో చేరినప్పుడు మొదట వచ్చింది ఆయనే. అందుకే ఆ మాట ఇంకా లోపల గుచ్చుకుంటోంది.

నాకు దేవుని మీద కోపం లేదు. ప్రార్థన మానలేదు. కానీ ఆ ఆనందం అంటే ఏమిటో నాకు తెలియడం లేదు. చర్చి మెట్లెక్కే ముందు చీర సర్దుకున్నట్టు ముఖం కూడా సర్దుకోవాలా? మీలో ఎవరికైనా కష్టం మధ్యలో నిజంగా ఆనందం దొరికితే ఎలా దొరికిందో చెప్పండి. రిఫరెన్సులు మాత్రం వద్దు, అవి నాకూ తెలుసు.

రెండో_బెంచీ
వద్దన్నారు కానీ ఒక్కటి చెప్పకుండా ఉండలేను అక్కా. యోహాను 11:35. "యేసు కన్నీళ్లు విడిచెను." కాసేపట్లో చనిపోయిన స్నేహితుడు లాజరు లేచి వస్తాడని ఆయనకి తెలుసు. తెలిసీ ఏడ్చాడు, అదీ అందరి ముందు.

అనుదిన_మన్నా
పెద్దాయన చెప్పిన తీరు బాగోలేదు, చెప్పిన మాట మాత్రం తప్పు కాదు. ఆనందించుడి అన్నది సలహా కాదు, ఆజ్ఞ. "మరల చెప్పుదును" అని పౌలు రెండుసార్లు చెప్పాడు. మనకి బాగున్నప్పుడు ఆనందించడానికి ఆజ్ఞ ఎందుకు, అది ఎవరైనా చేస్తారు. మన మనసు ఎలా ఉందో చూసుకుంటూ కూర్చుంటే ఏ రోజూ ఆనందించలేం.

పాస్టరుగారబ్బాయి
@అనుదిన_మన్నా, ఆజ్ఞే. కానీ అది రాసినాయన ఎక్కడున్నాడు? చెరసాల బంధకాల్లో. అదే ఫిలిప్పీ పత్రికలో రెండో అధ్యాయం చూడండి, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు సిద్ధమయ్యాడని, అతను పోయుంటే తనకి "దుఃఖముమీద దుఃఖము" అయ్యేదని పౌలే రాశాడు. మూడో అధ్యాయంలో "ఏడ్చుచు చెప్పుచున్నాను" అంటాడు. ఏడుస్తూ రాసిన చేత్తోనే నాలుగో అధ్యాయంలో ఆనందించుడి అని రాశాడు. ఈ రెండూ ఒకే మనిషిలో, ఒకే ఉత్తరంలో పట్టాయంటే మనం ఒకటి తీసేసి రెండోదే ఉంచుకోవడం ఎలా కుదురుతుంది?

మా నాన్న ముప్పై ఏళ్లు పరిచర్య చేశారు, సంఘం ముందు ఎప్పుడూ నవ్వుముఖమే. డబ్బాలో బియ్యం అడుగంటిన రోజు కూడా గుమ్మంలోకి ఎవరైనా వస్తే నవ్వేవారు. బైపాస్ ఆపరేషన్ ముందురోజు రాత్రి నా చెయ్యి పట్టుకుని "భయంగా ఉందిరా" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. ఆ రాత్రి ఇద్దరం కలిసి చేసుకున్న ప్రార్థన లాంటిది మా ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. నాన్న ఇప్పుడు బాగున్నారు, ఇప్పటికీ నవ్వుతారు, కానీ ఆ నవ్వు వేరు.

సిలోయం_కోనేరు
చదువుతూ కూర్చున్నా. మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి, అమ్మకి కేన్సర్. తర్వాత రాస్తా.

మిర్చి_కల్లం
మాది పల్నాడు. మూడెకరాల కౌలు. 2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు పూతంతా ఎండి రాలిపోయింది, ఏ మందు కొట్టినా లొంగలేదు. పువ్వుని అరచేతిలో దులిపితే సన్నగా, నల్లగా, నువ్వుగింజ కంటే చిన్నవి గబగబా పాకేవి. చివరికి తోట పీకేశాం. ఆ ఆదివారం నేను గుడికి వెళ్లలేదు. మా ఆవిడ వెళ్లొచ్చి, అయ్యగారు హబక్కూకు ప్రవక్త గ్రంథం చదివారని చెప్పింది. రాత్రి నేనే తీసి చదివా. అంజూరపు చెట్టు నేను చూడలేదు, ఒలీవ చెట్టు చూడలేదు, కానీ "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అన్న దగ్గర ఆగిపోయా. ఎవరో మా పొలం గట్టు మీద నిలబడి రాసినట్టు అనిపించింది.

నాకు అందులో నచ్చింది ఏంటంటే ఆయన దాచలేదు. చెట్టు లేదు, పంట లేదు, గొర్రె లేదు, సాలలో పశువు లేదు, అని ఒక్కొక్కటీ లెక్క రాశాడు. లెక్కంతా అయ్యాకే "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్నాడు. నేను కూడా మందుల కొట్టు బాకీ రాసుకునే పుస్తకంలో వెనక పేజీ తీసి రాశా. "మిరప పూత రాలిపోయినను, కొట్టు బాకీ తీరకపోయినను, ఆసామి కౌలు డబ్బు కోసం గుమ్మంలో కూర్చున్నను..." అలా తొమ్మిది లైన్లు. చివరి లైను రాయలేకపోయా. అబద్ధం రాసినట్టు అవుతుందని ఖాళీ వదిలేశా. రెండు నెలలు ఆ పేజీ అలాగే ఉంది. ఒకరోజు పొద్దున లేచి, ఎందుకో తెలియదు, ఏమీ మారలేదు కూడా, రాశా.

మొన్న 2025లో పంట వచ్చింది కానీ యార్డులో రేటు పడిపోయింది. మళ్లీ కొత్త పేజీ. ఈసారి చివరి లైను అదే రోజు రాయగలిగాను.

బోడుప్పల్_బ్రదర్
"లేఆఫ్ మెయిలు వచ్చినను, పదకొండు ఇంటర్వ్యూలు అయినను ఆఫర్ రాకపోయినను, ఓనరు అద్దె పెంచినను, మామగారు వారంవారం ఫోన్ చేసి ఏమైందని అడిగినను..." చివరి లైను నాకింకా ఖాళీయే అన్నా. కానీ ఖాళీ వదలొచ్చని తెలియడమే ఇవాళ నాకు పెద్ద మేలు.

అత్తగారి_వీధి
"గ్యాసు బండ మధ్యాహ్నమే అయిపోయినను, ఆడపడుచు నలుగురు పిల్లలతో చెప్పకుండా దిగినను..."

మిర్చి_కల్లం
చెల్లెమ్మా, అంత శోధన హబక్కూకుకి కూడా రాలేదు 😀

అత్తగారి_వీధి
నవ్వకండి అన్నా, నలుగురికీ అన్నాలు పెట్టాక రాసిన లైను అది. చివరి లైను కూడా రాసుకున్నా, ఆ చిన్నోడు నా ఒళ్లోనే పడుకున్నాడు.

కువైట్_వంటిల్లు
మాది కడప వైపు. ఇక్కడ ఇంటిపని, తొమ్మిదో సంవత్సరం. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. సిటీలో ఒకే చర్చి కాంపౌండులో ఒక్కో గదిలో ఒక్కో భాష, మన తెలుగువాళ్లు, పక్కన మలయాళీలు, ఆ పక్కన ఫిలిప్పీన్స్ వాళ్లు. గోడలు పలచన, మనం ప్రార్థన చేస్తుంటే వాళ్ల పాట వినిపిస్తుంది. నాకు నెలకి రెండు శుక్రవారాలే దొరుకుతాయి. దొరకని శుక్రవారం వంటింట్లో గిన్నెలు తోముతూ ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకుంటా. ఆ చప్పుడులో పాడుకుంటే మేడమ్‌కి వినపడదు.

మా అమ్మ పోయినప్పుడు పంపలేదు. ఆదరణ కూడిక ఫోనులో చూశా, నా కూతురు ఫోను పట్టుకుని నిలబడింది, సిగ్నల్ పోతూ వస్తూ. అమ్మ ఫొటో దగ్గర ఎవరెవరు కూర్చున్నారో కూడా సరిగా కనపడలేదు. అది కట్టయ్యాక వంటింట్లోకి వెళ్లి అదే ఫ్యాను వేసి ఏడ్చా. నా పాటకీ నా ఏడుపుకీ ఒకటే ఫ్యాను అక్కా. ఆ రోజు నాకు ఒకటే తెలిసింది. పాడినప్పుడు విన్నవాడే ఏడ్చినప్పుడూ విన్నాడు. ఆయనకి ఫ్యాను అడ్డం కాదు. నేను ఆనందం అనేది దీన్నే.

రెండో_బెంచీ
ఇది చదివి ఆఫీసులో బాత్రూముకెళ్లి ముఖం కడుక్కుని వచ్చా.

తోమా_ప్రశ్న
నేను ఇప్పుడు విశ్వాసిని కాదు, చిన్నప్పుడు సండేస్కూలుకి వెళ్లినవాడిని. మీ అందరి బాధ నిజం, అందులో నాకు సందేహం లేదు. కానీ ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. కష్టంలో ఉన్న మనిషికి ఆనందించు అని నేర్పితే, అడగాల్సినవి అడగడం మానేయడా? తల్లి చనిపోతే పంపని యజమానిని అడగాలి కదా. రేటు పడిపోతే గట్టిగా అడగాలి కదా. పాట పాడుకుంటూ ఉండిపోతే ఎవరికి లాభం?

కువైట్_వంటిల్లు
అడిగాను తమ్ముడూ. మొదట్లో నాకు ఒక్క శుక్రవారం కూడా లేదు. ఆ రెండూ అడిగితే వచ్చినవే. లోపల దిగులు గడ్డకట్టి ఉన్నన్నాళ్లూ మేడమ్ ముందు నోరు పెగిలేది కాదు. పాడుకోవడం మొదలుపెట్టిన తర్వాతే అడిగే ధైర్యం వచ్చింది.

మిర్చి_కల్లం
మేమూ యార్డు దగ్గర రోడ్డెక్కాం తమ్ముడూ. జేబులో ఆ పుస్తకం ఉంది.

గుండ్లకమ్మ_ఒడ్డు
తోమా బ్రదర్ అడిగింది మంచి ప్రశ్న, మా ప్రాంతం సంగతి చెప్తా. మాది ఒంగోలు పక్కన. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ధాత కరువు అని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వుతున్నారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర మూడు మైళ్ల పైచిలుకు కాలువ పని తన పేరున కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి దొరకాలని. అంటరానివాళ్లని ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని రోజులవి. మన బోధకులే ఆ పని మీద మేస్త్రీలు. పగలు మట్టి లెక్క చూసి, అలుపు తీర్చుకునే వేళ ఆ కూలీల మధ్యే కూర్చుని మాట్లాడేవారు. అంటే ముందు కూలి, ముందు గంజి. ఆకలిని పక్కనపెట్టి ఆనందం గురించి ఎవరూ చెప్పలేదు.

తోమా_ప్రశ్న
గంజి కోసం మతం మారారన్న మాట కూడా అక్కడి నుంచి వచ్చిందేగా.

గుండ్లకమ్మ_ఒడ్డు
ఆ మాట పడకూడదనే కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. జనం అడిగినా ఇవ్వలేదు. కూలి పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో వంతులు మారారు. కరువులో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉండుంటారు వాళ్లలో! వాళ్లు నీళ్లలో నుంచి లేచినప్పుడు ఏ ముఖంతో లేచారో నేను చాలాసార్లు ఊహించుకుంటా. ఏడుస్తూనే లేచి ఉంటారు, నా నమ్మకం. దాన్ని దుఃఖం అని మాత్రం నేను అనలేను.

మెదక్_మెట్లు
మా మెదక్ చర్చి కూడా కరువులో కట్టిందే. జనానికి పని దొరకాలని పాస్నెట్ దొర మొదలుపెట్టించాడు, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ. మా తాత వాళ్ల నాన్న రాళ్లు మోశాడట. చిన్నప్పుడు ఆ నేల మీద నడుస్తుంటే చెప్పులు విప్పి నడవమనేది నానమ్మ, దేవుడి ఇల్లని ఒకటి, ముసలాయన చెమట అని ఒకటి.

మిషను_పక్కన
నేను డయాలసిస్ యూనిట్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నా, క్రైస్తవురాలినే. అందరూ మంచి విషయాలు చెప్పారు, నేను వేరేది చెప్తా. సంఘం నుంచి పరామర్శకి వచ్చేవాళ్లు చేతిలో ఏం తెస్తారో తెలుసా? కొబ్బరి బొండాలు, అరటిపళ్లు, బత్తాయి రసం. ప్రేమతోనే తెస్తారు. కానీ డయాలసిస్ మనిషికి అవి ప్రమాదం, పొటాషియం పెరిగితే గుండె మీదకి వస్తుంది. నీళ్లు కూడా రోజుకి ఇంతే అని కొలత ఉంటుంది. దాహం వేస్తే చిన్న ఐసుముక్క చప్పరిస్తారు, మండు వేసవిలో కూడా. అలాంటి మనిషి పక్కన నిలబడి పెద్ద ప్రార్థన చేసి, గ్లాసుడు కొబ్బరినీళ్లు పట్టించి వెళ్లిపోతే ఏం ఉపయోగం? ఎవరైనా వెళ్లేముందు ఆ భార్యని అడగండి, "ఏం తేవాలి, ఏం తేకూడదు" అని. ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆ ఆడవాళ్ల ముఖాలు మారడం నేను చూశా.

అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్లు బాగానే చేశారు. నోరు తెరిచాకే చెడిపోయింది.

అనుదిన_మన్నా
@మిషను_పక్కన, పోయిన నెల మా సంఘంలో ఒకాయనకి నేనే రెండు బొండాలు పట్టుకెళ్లా. ఆయన నవ్వి పక్కన పెట్టారు. మొహమాటపడుతున్నారని ఇంకోసారి బలవంతం చేశా. దేవుని దయవల్ల ఆయన తాగలేదు. రేపే వెళ్లి కలుస్తా.

అయినా నా మాట నేను వదలను. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో పాడింది ఎప్పుడు? తలుపులు తెరుచుకున్నాక కాదు. వీపు బెత్తం దెబ్బలతో చీలి, కాళ్లు కొయ్య బొండలో బిగించి ఉండగా, మధ్యరాత్రి. మనసు బాగైతే పాడదాం అనుకుంటే ఆ పాట ఎప్పటికీ రాదు. నా భార్యకి డిప్రెషన్ వచ్చిన ఏడాది నేను రోజూ పొద్దున ఒక కీర్తన గట్టిగా చదివేవాడిని, ఇష్టం ఉన్నా లేకపోయినా. ఆ ఏడాది నన్ను నిలబెట్టింది అదే. అక్కని నటించమని కాదు నేనన్నది.

పాస్టరుగారబ్బాయి
ఇది ముందే చెప్పుంటే మీతో అంత వాదించేవాణ్ణి కాదు బ్రదర్. వదినగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

అనుదిన_మన్నా
మందులు వాడుతోంది, చాలా నయం. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొదట అడ్డుపడింది నేనే, ప్రార్థన సరిపోతుందని. అది నా తప్పు.

కీబోర్డు_కుర్రాడు
నేను మా చర్చిలో కీబోర్డు వాయిస్తా. మా చెల్లి పోయిన నెలకి క్రిస్మస్ వచ్చింది, క్యారల్స్‌కి వెళ్లాల్సి వచ్చింది. వేళ్లు వాయిస్తున్నాయి, లోపల ఏమీ లేదు, ఎండిపోయిన బావిలా ఉంది. మూడో ఇంట్లో ఒక మామ్మగారు అందరికీ టీ ఇస్తూ "చెల్లెలు రాలేదా నాయనా, పోయినేడు నక్షత్రం పట్టుకుంది కదా" అంది. ఆవిడకి తెలియదు. చెప్పా. ఆవిడ కేటిల్ కింద పెట్టి రెండు చేతులూ నా తలమీద పెట్టింది. ప్రార్థన కూడా చేయలేదు, ఊరికే పెట్టింది. తర్వాత ఇంట్లో వాయించినప్పుడు మొదటిసారి పాట నాకు వినపడింది.

కాబట్టి పాట ముందు వచ్చి ఆనందం వెనక వస్తుందని @అనుదిన_మన్నా అన్న చెప్పింది నిజమే, కొన్నిసార్లు. కొన్నిసార్లు వెనక ఏమీ రాదు. ఈ ఏడాది రెండు మూడు ఆదివారాలు అలాగే ఖాళీగా వాయించి ఇంటికొచ్చా. అది నటన అని నాకు అనిపించలేదు.

సిలోయం_కోనేరు
88వ కీర్తన గురించి ఎవరైనా ప్రసంగం విన్నారా? చివరిదాకా చీకటే. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు. అమ్మ కీమో రాత్రుల్లో అదే చదవమంటుంది. ఎందుకమ్మా అంటే, "ఈ మాట కూడా ఆయన పుస్తకంలో పెట్టుకున్నాడు కదరా, తీసి పారేయలేదు కదా" అంటుంది. తను చదివించుకుని నిద్రపోతుంది, నేను మెలకువగా ఉంటా.

తోమా_ప్రశ్న
మీ అమ్మగారి మాట చాలాసేపు గుర్తుంటుంది. నేను ప్రార్థన చేయను, కానీ నాది ఓ పాజిటివ్, హైదరాబాద్‌లోనే ఉంటా. రక్తం కావాలంటే ఇక్కడ మెసేజ్ పెట్టు.

తెల్లారుజాము_బస్సు
రిఫరెన్సులు వద్దంటే ఇన్ని ఇచ్చారు 🙂 అన్నీ చదివాను, మా ఆయనకి కూడా చదివి వినిపించా. కువైట్ అక్క రాసింది రెండుసార్లు చదివించుకున్నారు.

శనివారం సంగతి చెప్తా. నాలుగున్నర బస్సు ఎక్కేసరికి లోపల మా సంఘంలో ఒక అక్క కూర్చుని ఉంది, ముందు స్టాపులోనే ఎక్కిందట. నేను పిలవలేదు. ఆదివారం నేను ఏడ్చినప్పుడు వెనక వరసలో ఉందట. ఆయన్ని మిషను మీద పెట్టాక బయట బెంచీ మీద కూర్చున్నాం. నేను ఎప్పటిలాగే హుక్కులు కుట్టాల్సిన జాకెట్లు తెచ్చుకున్నా. అక్క సంచిలో నుంచి సూది తీసింది, "నాలుగు ఇటివ్వు" అంది. వాక్యం చెప్పలేదు, ఓదార్చలేదు. నాలుగు గంటలు కుట్టింది. అక్కకి కుట్టుపని అంతగా రాదు, ఒక జాకెట్‌కి హుక్కులన్నీ బయటివైపు కుట్టేసింది. అది పైకెత్తి చూపించేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు. సెక్యూరిటీ అబ్బాయి వచ్చి "అమ్మా, పేషెంట్లున్నారు" అన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వి రెండేళ్లయింది. ఆ నీళ్లలో ఏవి నవ్వువో ఏవి ఏడుపువో నాకే తెలియలేదు, అక్క అడగలేదు.

ఇంకొకటి. ఆయన ఎడమచేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంది కదా, రోజూ రాత్రి దాని మీద వేలు పెట్టి చూడమన్నారు. లోపల గుర్రుమంటూ ఉండాలి, పిల్లి ఒళ్లో పడుకుని గుర్రుపెట్టినట్టు. ఆగితే మళ్లీ ఆపరేషన్. రెండేళ్లుగా టెన్షన్‌తోనే వేలు పెట్టేదాన్ని. శనివారం రాత్రి పెడితే గుర్రుమంటోంది. "ఉందయ్యా" అన్నా. ఆయనతో అన్నానో ప్రభువుతో అన్నానో నాకు తెలియదు. వేలు తీయాలనిపించలేదు, చాలాసేపు అలాగే కూర్చున్నా. ఆయన నిద్రపోయారు.

ఫీజు ఇంకా బాకీయే.

బోడుప్పల్_బ్రదర్
అక్కా, ఆ హుక్కులు బయటికున్న జాకెట్ విప్పేశారా?

తెల్లారుజాము_బస్సు
ఎవరిదో పెళ్లి జాకెట్ తమ్ముడూ, విప్పి మళ్లీ కుట్టా.

మిషను_పక్కన
వేలు పెట్టి చూడటం ఒక్కరోజు కూడా మానకండి అక్కా. గుర్రు తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, నాలుగున్నర బస్సు కోసం అసలు ఆగొద్దు. ఆ రాత్రే వచ్చేయండి.